మొదటి అరవై అడుగులు

బండి పేరు డార్ట్. పుట్టింది అరవై తొమ్మిదిలో.
నాకంటే రెండేళ్లు చిన్నది, నాకంటే ఎక్కువ తాగుతుంది.
పుదుపేటలో మా కొలిమి ముందు దాన్ని ఆపి
మునిరత్నం అన్నాడు:
"ఎతిరాజులన్నా, బలముంది. పట్టు లేదు."

బలం సంగతి వీధంతా విన్నది.
తొక్కితే వెనక కుడిచక్రం ఒక్కటే
పూనకమొచ్చినట్టు గిరగిరా తిరిగి
తెల్లపొగలో మా దుకాణాన్ని ముంచేసింది.
ఎదురుగా టీ బంకు బాషా గ్లాసుల మీద మూతలు వేసుకున్నాడు.
బండి మాత్రం
జానెడు కదిలింది.

ఇంజిన్ వాళ్లొచ్చి ఇంకో కార్బురేటర్ పెడతామన్నారు,
కాలు జారుతున్నవాణ్ణి వెనకనుంచి తోసినట్టు.
నేను గమ్మునున్నా.
కింద పడుకొని కమాను కట్టలు చూశాను.

ముప్పయ్యేళ్లు లారీల కమాన్లు కొట్టినవాణ్ణి,
ఇనుము అబద్ధమాడితే ఎక్కడ మెరుస్తుందో తెలుసు.
ఇరుసుకి ముందున్న సగం
తోపు పడగానే పాములా మెలిక తిరుగుతోంది.
వంగుతుంది, విదిలించుకుంటుంది, మళ్లీ వంగుతుంది.
చక్రం రోడ్డుని పట్టడం లేదు,
తంతోంది.

మా నాయన జార్జిటవున్‌లో బియ్యం మూటల బండి లాగేవాడు.
బరువు కదిలించే ముందు ఎప్పుడూ ముందుకి దూకలేదు.
మోకాళ్లు వదిలేసి, నడుం కిందికి దించి,
అరికాళ్లలోకి తనని తాను పోసుకునేవాడు.
ఒక్క క్షణం వెనక్కి పోతున్నాడేమో అనిపించేది.
అప్పుడు కదిలేది బండి.

ముందు సగం ఆకులకి క్లాంపులు బిగించాను,
వెనక సగాన్ని దాని మానాన వదిలాను.
కుడివైపు ఒక ఆకు ఎక్కువ,
ఇంజిన్ విసురుకి ఆ కాలే పైకి లేస్తుంది కనక.
బ్యాటరీ డిక్కీలోకి, కుడి మూలకి.
ముందు షాకులు మెత్తబరిచాం. మూతి తేలిగ్గా లేవాలి,
లేచింది వెంటనే దిగకూడదు.
పినియన్ నెత్తిన రబ్బరు దిమ్మ.
చివరికి గాలి, ముప్పై నుంచి పద్నాలుగుకి.
"పంచరైనట్టుంది కదన్నా!"
"ఉండనీ. రోడ్డుకి చెప్పులు, కొండకి వట్టికాలు."

శోళవరం పాత రన్‌వే. ఆదివారం, తెల్లారి ఆరు.
రాత్రి గాలి ఇసుక పోసి పోయింది.
నేనూ చెంగల్రాయుడూ ఈనెల చీపుళ్లతో
అరవై అడుగులు ఊడ్చాం.
"మిగతాది?" అన్నాడు వాడు.
"అది మనది కాదు."

పక్క గీతలో కొత్త జపాను కారు,
ఎంత తొక్కాలో కాలికి బదులు కంప్యూటరే తేల్చుకుంటుంది.
పరుగెత్తి పాలు తాగేకన్నా
నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు.
నిలబడ్డం ఎలాగో మాత్రం
ఎవరూ చెప్పలేదు.

నీళ్లలో తిప్పి టైర్లు వెచ్చబెట్టాడు మునిరత్నం.
రబ్బరు లేతపాకం బెల్లంలా జిగురు తేలింది.
పచ్చదీపం.

పొగ రాలేదు.
ముందు అదే చూశాను, పొగ రాలేదు.
వెనక టైర్లు పక్కలు ముడతలు పడి
నేలని పిడికిట పట్టాయి.
ముందు ఎడమ చక్రం కింద
చింతగింజంత వెలుగు.
ఆ సందులోంచి మా నాయన కనిపించాడని చెబితే బాగుంటుంది.
కనిపించింది అవతలి గడ్డి.

మూడో గేరులో ఏదో పగిలింది.
జపాను కారు దాటిపోయింది.
మునిరత్నం దిగాడు, నా వంక చూడలేదు,
చక్రాన్ని ఒక్క తన్ను తన్నాడు.
చెంగల్రాయుడు కాగితం తెచ్చాడు:
మొదటి అరవై అడుగులు, ఒకటీ ముప్పావు సెకను.
పొద్దున్నుంచీ అంత తక్కువ ఇంకే బండికీ రాలేదు.

కిందికి దూరి క్లాంపుల మీద చెయ్యి పెట్టాను.
చల్లగానే ఉన్నాయి.
మిగతా పన్నెండొందల అరవై అడుగుల సంగతి
ఇంజిన్ వాళ్లనడగండి.