ముందే నిండిన గుండ్రం

కళ్యాణదుర్గంలో, రాయదుర్గం రోడ్డు మీద
జిరాక్సు అంగడి మిద్దెపైన కూర్చుని
పంట నష్టం ఫారం తయారుచేసింది నేనే.

నీటి వసతి: బోరు, కాలువ, వాన.
మూడు గుండ్రాలు.
మొదటిదాంట్లో చుక్క పెట్టేసినాను.
'చెక్డ్' అని ఒక్క ఇంగ్లీషు మాట, అంతే.
అప్పటికి రాత్రి పదకొండు, కరెంటు రెండుసార్లు పోయింది.
జనానికి ఒక నొక్కుడు తగ్గుతుందిలే అనుకున్నా,
మేలు చేస్తున్నట్టే.

అడుగునున్న చదరంలోనూ టిక్కు నేనే వేసిపెట్టినా:
"పై వివరాలన్నీ నిజమని ఒప్పుకుంటున్నాను."
ఎవరూ ఏమీ చెప్పకముందే
అందరూ ఒప్పేసుకున్నారు.

శనక్కాయ కట్టె ఎండిన నెలకి
తిప్పక్క వచ్చింది, కొంగుముడిలో కాగితంతో.
తిరస్కరణ. కారణం: నీటి వసతి కలదు.
నాతోనే చదివించుకుని
కొంచెంసేపు ఏమీ అనలేదు.
"బోరుండాదని ఎవురు సెప్పిరప్పా?
మా మామ ఏపిచ్చిన బోరు ఎండి నాలుగేండ్లాయ.
మళ్లా రెండేసినాం, దుమ్మే పోసె.
నన్నెవురడిగిరి?"

ఎవరూ అడగలేదు.
బయట వరసలో నలభై మంది,
ఆపరేటరు పెన్నోబులేసు వేలు
కిందికి, కిందికి జారుతా పోతుంది.
నిండుగా కనిపించిన గడి మీద అది ఎందుకాగుతుంది?

ఆ రాత్రి ఫైలు తెరిచి ఆ మాట చెరిపేసినా.
మూడు గుండ్రాలూ
మూతలేని బోరుగుంతల మాదిరి
నా వైపే చూసినాయి.

తెల్లారి పెన్నోబులేసు ఫోన్లో తిట్టినాడు:
"ముందే బాగుండె గదన్నా,
ఇప్పుడు మనిషి మనిషినీ అడగాల!"
అడుగప్పా, అన్నా.

జిల్లా మాత్రం అట్లే ఉంచినా, అనంతపురం అని.
దాని గురించి ఇంకా ఎవరూ కొట్లాటకు రాలేదు.

చదరంలో టిక్కయితే ఇంకోసారి నొక్కితే పోతుంది.
గుండ్రం అట్లా కాదు.
ఒకసారి నిండితే ఖాళీ కావడం చేతకాదు దానికి,
చుక్క పక్కదాంట్లోకి దూకుతుంది గానీ.

మళ్లీ వచ్చిన తిప్పక్కను
ఈసారి నేనే ఎదురుగా కూర్చోబెట్టుకుని
నిదానంగా అడిగినా:
బోరు ఉందా, లేదా?

ఆమె తెర వైపు చూడలేదు.
తన చెయ్యి మీద, చీలమండంత మందాన
ఒకప్పుడు పారిన నీళ్లను కొలిచినట్టు
వేళ్లు కొంచెం ఎడంగా పెట్టి,

"ఉన్నింది" అంది.

ఆ మాటకు గుండ్రం లేదు నా ఫారంలో.
మౌసు మీద వేలు
ఇంకా అట్లే ఉంది.