వెళ్ళిన వేళ

ఏడు కొట్టకముందే కాలింగ్ బెల్.
మంచు దులుపుకుంటూ జెరికో, వెనకే వాళ్ళమ్మ,
ఆస్పత్రి బట్టల మీదే కోటు.
బల్ల మీది రిజిస్టరులో గబగబా ఒక సంతకం,
వాడి నెత్తిన గబగబా ఒక ముద్దు,
రెండింటికీ ఒకే వేగం.
ఆ తర్వాత కవలలు. ఆ తర్వాత బ్రిన్,
పది నెలల పిల్ల, చంక దింపితే ఇల్లెగిరిపోతుంది.

మానిటోబాలో జనవరి. బయట మైనస్ ముప్పై రెండు.
లోపల నేను, జనెల్ టేవ్స్,
పగటి పిల్లలకి మిస్ జనెల్ని,
నా పిల్లలిద్దరికీ పంతులమ్మని.
అమ్మని ఎప్పుడంటే, ఖాళీ దొరికినప్పుడు.
"ఇంట్లోనేగా ఉంటావు" అంటుంది మా వదిన,
అదేదో నేను సెలవు పెట్టుకున్నట్టు.

అనికకి పదేళ్ళు. భిన్నాలు చెప్పాలి.
చీజ్ రొట్టె కోస్తూ చెబుతాను:
ఒకటి నాలుగైంది, చూడు, ఇది పావు.
చూసేలోగా ఆ పావు కవలల్లో ఒకడి నోట్లో.
"ఇప్పుడు మిగిలిందెంత?"
"ముప్పావు," అని, మళ్ళీ తనే,
"కాదు, బ్రిన్ ఒకటి కింద పడేసింది. సగం."
జవాబు కరెక్టే.
పుస్తకంలో మాత్రం ఆ పేజీ సోమవారం నుంచీ తెరిచే ఉంది,
ఎవరిదో ఆపిల్ గుజ్జు వేలిముద్ర ఎండిపోయి.

పన్నెండున్నర నుంచి రెండు దాకా పగటి పిల్లల నిద్ర.
మా అసలు బడి ఆ గంటన్నరే. గుసగుసల్లో ఎక్కాలు.
గట్టిగా అంటే బ్రిన్ లేస్తుంది,
బ్రిన్ లేస్తే చరిత్ర పాఠం లేదు.
అక్టోబరు నుంచీ మా చరిత్ర అక్కడే ఉంది,
పడవలు ఇంకా ఒడ్డు చేరనే లేదు.

రూబెన్‌కి ఏడు. కథల పుస్తకం ఇస్తే
అక్షరాలు పారిపోతాయంటాడు.
వాడు చదివేది ఒక్కటే, రిజిస్టరు.
పేరు. వచ్చిన వేళ. వెళ్ళిన వేళ. సంతకం.
గడియారాన్ని దాంట్లోనే కూడబలుక్కున్నాడు,
ఐదూ నలభై, ఐదూ యాభై ఐదు.
ఎవరమ్మ తొందరగా వస్తుందో, ఎవరి నాన్న రోడ్డు మీద వంక పెడతాడో
వాడికి నోటికొచ్చు.
నేను మురిసిపోయాను.
మా అత్తగారికి ఫోను చేసి మరీ చెప్పాను.

నిన్న సాయంత్రం రిజిస్టరు మూయబోతే
ఆఖరి గీత మీద పెన్సిలు రాత.
రూబెన్ టేవ్స్. వచ్చిన వేళ: 6.40.
అది వాడు నిద్రలేచిన టైము.
వెళ్ళిన వేళ దగ్గర ఖాళీ.
సంతకం దగ్గర ఖాళీ.
వాడు మంచుబూట్లు తొడుక్కుని, కోటు జిప్పు గడ్డందాకా లాక్కుని
బెంచీ మీద కూర్చున్నాడు, మిగతావాళ్ళు కూర్చునే చోటే.
"అందరూ వెళ్ళిపోయారు," అన్నాడు.
"నా కోసం ఎవరూ రాలేదు."

పొయ్యి మీద సూపు. చేతిలో తుడుపుగుడ్డ.
చెప్పడానికి చాలా ఉన్నాయి:
నాన్న లారీ ఇంకా రెజైనా దాటలేదని,
ఆ కవలల ఫీజుతోనే మన హీటర్ నడుస్తోందని,
పొద్దుట్నుంచీ నీ పక్కనే ఉన్నాను కదరా అని.
ఏదీ చెప్పలేదు.

కోటు వేసుకున్నాను. బయటికెళ్ళి
నా వెనక నేనే తలుపు మూసుకున్నాను.
చలి ముక్కులోకి సూదుల్లా దిగింది.
బల్బు కింద, మిగతా అమ్మలు నిలబడే చోట నిలబడి
కిటికీలోంచి మా ఇంటిని చూశాను.
పసుపుపచ్చగా ఉంది. ఎవరిదో ఇల్లులా ఉంది.
బెల్ కొట్టాను.

తలుపు తీసింది అనిక,
భుజాన నా తువ్వాలు, అచ్చం నా గొంతు:
"ఎవరి కోసం వచ్చారండీ?"
"రూబెన్ కోసం," అన్నాను. "నీ కోసం కూడా."
నవ్వలేదు. రిజిస్టరు తెచ్చి
తమ్ముడి కింద తన పేరు రాసింది,
వచ్చిన వేళ దగ్గర కాసేపు ఆలోచించి
ఖాళీ వదిలేసింది.

రెండు సంతకాలు పెట్టాను. ఆరుంపావు.
లోపల్నుంచి సూపు మాడుతున్న వాసన.
"ఎలా ఉన్నాడు ఇవాళ?" అనడిగాను,
మిగతా అమ్మలు అడిగినట్టే.
"బాగానే తిన్నాడు," అంది అనిక.
"నిద్ర మాత్రం పోలేదు."