ఆరో గంట రక్తం

కవరు చింపే పని నాది కాదు,
చింపినప్పుడు మాత్రం అక్కడే ఉన్నాను.
"యంత్రం లేకుండా" అని వచ్చింది చీటీ.
అంటే గెనోవెఫా గుండెను ఆపరు.
కొట్టుకుంటూ ఉండగానే కుడతారు,
ఎగరబోయే పిట్ట కాలికి గజ్జె కట్టినట్టు.

ట్యూబుల మీద పేరు ఉండకూడదు.
ష్చెచిన్ ఓడల కార్ఖానాలో
ముప్ఫయ్యొక్క ఏళ్లు వెల్డింగు చేసిన మనిషిని
నలభై ఏడు అని రాసుకున్నాను,
మంచులో పెట్టినా చెరగని సిరాతో.

ముందురోజు సంతకం పెడుతూ అడిగింది:
"కాలి నరం తీసి గుండెకి అతుకుతారటగా,
అతికాక నీళ్లు కొట్టి లీకు చూస్తారా?"
చూస్తారన్నాను.
"దారం ఎంత లావు?"
నా తలలోంచి ఒక వెంట్రుక పీకి ఇచ్చాను,
ఇంతకన్నా సన్నం అని.
దీపం వైపు ఎత్తి చాలాసేపు చూసింది.
ఒక పనివాడి పనిముట్టుని
ఇంకో పనివాడు చూసే చూపు అది.

కాలి నరంలో చిన్న చిన్న తలుపులుంటాయి,
పైకెక్కే నెత్తుటిని వెనక్కి జారనివ్వవు.
అందుకే దాన్ని తలకిందులు చేసి కుట్టాలి.
అరవై ఎనిమిదేళ్లుగా ఒకే దారి తెలిసిన నరానికి
ఒక్క పూటలో గుండె భాష నేర్పాలి.

మా పందెం ఏమిటంటే,
తప్పంతా యంత్రానిదే అని.
ప్లాస్టిక్ గొట్టాలు తగిలి నెత్తురు బెదురుతుందనీ
గొట్టాలే లేకపోతే బెదురే ఉండదనీ
డాక్టర్ యారోగ్నేవ్ నాలుగేళ్లు
నిధులిచ్చే ప్రతి ఆఫీసుకీ రాశాడు.

శరీరం మా అర్జీలు చదవదు.
దానికి సంతకాలు తెలీవు.
రొమ్ముటెముక మీద రంపం దిగితే
వైద్యుడి రంపమా, హంతకుడి రంపమా అని
ఆగి అడగదు.
ఊరంటుకుందని గంట కొట్టేస్తుంది.
మజ్జలోంచి తెల్లకణాలు
చెప్పులు వేసుకోకుండా పరిగెత్తుతాయి.
కాలేయం అర్ధరాత్రి పొయ్యి రాజేస్తుంది.

ఆరో గంట.
కిటికీ అవతల ఓద్రా నది, దాని మీద నవంబరు.
ఆమె చెయ్యి వేడిగా ఉంది.
ఐసు డబ్బా పట్టుకుని మెట్లు దిగాను,
లిఫ్టుని నమ్మను.
సెంట్రిఫ్యూజ్ గిర్రున తిరిగి ఆగాక
ఎరుపు అడుక్కి కూర్చుంది,
పసుపు నీరు పైన తేలింది.
అందులో ఉంది ఆమె చెప్పాలనుకున్నదంతా.
మొన్న ఆంప్యూల్ విరిగి తెగిన నా బొటనవేలు
గ్లవ్ లోపల అదే మాట
చిన్న గొంతుతో సలుపుతోంది.

ఏడాదికి లెక్కలు తేలాయి.
మొదటి గంటల్లో కొంచెం ఎడం.
తెల్లారేసరికి మా రెండు గీతలూ
ఒకే గుట్ట ఎక్కి, ఒకే వైపు దిగాయి.
డాక్టర్ పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాడు,
అప్పటికే మొన తేలిన పెన్సిలు.
"రంపం," అన్నాడు చివరికి.
"మనిషిని తెరవడాన్నే
మనం గాయంగా లెక్కెయ్యలేదు."
తర్వాత ఆ పొట్టంతా
అరచేతిలోకి ఊడ్చుకుని వెళ్లిపోయాడు.

గెనోవెఫా ఆరో వారానికే వచ్చి వెళ్లింది.
పై బొత్తాలు విప్పి మచ్చ చూపించి,
"పైన బాగానే ఉంది గానీ
కింద రెండంగుళాలు చెయ్యి వణికినట్టుంది,
నేనైతే గీకి మళ్లీ వేసేదాన్ని," అంది.
నాలుగంతస్తులు ఎక్కగలుగుతున్నానంది.
కాలే ఇంకా లాగుతోందట,
పోయినదాన్ని వెతుక్కుంటున్నట్టు.

ఆమెకి చెప్పలేదు,
మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజరులో
మూడో అర, ఎడమ పెట్టె,
ఆ రాత్రి ఇంకా అలాగే ఉందని.
తను ఇప్పుడు ఇంట్లో బంగాళాదుంపలు ఒలుస్తుంటే
ఇక్కడ మంచు కప్పుకుని
నలభై ఏడు
ఇంకా గంట కొడుతూనే ఉందని.