తలసరి

దరఖాస్తులు రాయడం నా ఉద్యోగం.
లాత్వియా తూర్పు కొసన, రష్యా సరిహద్దుకి నలభై కిలోమీటర్ల ఇవతల,
మున్సిపల్ ఆఫీసు రెండో అంతస్తులో
కిటికీ పక్క బల్ల నాది.
ఎదురుగా అవిసె నార మిల్లు పొగగొట్టం.
పొగ మానేసి ముప్పై ఏళ్ళు.
కొనమీద కొంగల గూడు, గూటి నిండా మంచు.
ఏప్రిల్లో తిరిగొస్తాయి. వాటిని ఎవరూ లెక్క రాయరు.

పద్ధతి ఇదీ:
మూడో పేజీలో మేం చావుబతుకుల్లో ఉండాలి,
తొమ్మిదో పేజీకల్లా లేచి పరిగెత్తగలగాలి.
మరీ ఏడిస్తే వీళ్ళకి చేతకాదంటారు,
ఏడవకపోతే వీళ్ళకెందుకంటారు.
పదహారేళ్ళుగా నేను రాస్తున్నవి
ముక్కు చీదుకుంటూ నవ్వే పేజీలు.

నూటికి ఎనభై అయిదు వాళ్ళిస్తారు,
పదిహేను మేం పెట్టుకోవాలి.
"ఆ పదిహేనే ఉంటే..." అంటాడు కోశాధికారి దొనాత్స్.
ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు.

అలా అప్పు చేసి తెచ్చుకున్నదే పారిశ్రామిక వాడ.
నున్నటి రోడ్డు, మురుగు కాలవ, ఇరవై నాలుగు దీపస్తంభాలు.
ఒక కంపెనీ వచ్చి చూసి
"మనుషులేరీ?" అని అడిగి వెళ్ళిపోయింది.
మనుషులు అంతకుముందే
"కంపెనీ ఏదీ?" అని అడిగి వెళ్ళిపోయారు,
రీగాకి, డబ్లిన్‌కి, నార్వే చేపల షెడ్లకి.
రాత్రిళ్ళు ఆ వెలుగులో ఒక నక్క
జమీందారులా తీరిగ్గా రోడ్డు దాటుతుంది.

నీరు పల్లమెరుగు.
డబ్బుకి ఆ చదువు అబ్బలేదు,
మిట్ట ఎక్కడుందా అని వెతుక్కుంటూ పోతుంది.
మేం బకెట్లతో వెనక్కి మోస్తాం.

జనవరిలో రీగా నుంచి ఉత్తరం.
అభినందనలు. మీ తలసరి ఆదాయం పెరిగింది.
పటంలో మీరు ముదురు ఎరుపులోంచి లేత నారింజలోకి వచ్చారు.
కనుక వచ్చే విడతలో మీ వాటా తగ్గును.

పెరిగిందా?
దొనాత్స్, నేను కాలిక్యులేటర్ ముందేసుకుని కూర్చున్నాం.
గీత పైన అంకె కదల్లేదు:
అదే రంపపు మిల్లు, అదే పాల కేంద్రం, అదే రొట్టెల కొట్టు.
గీత కింద అంకె జారింది.
తలసరి పెరిగింది,
తలలు తగ్గాయి.

మొన్న డిసెంబర్లో ఒపింత్సాన్స్ వాళ్ళు అయిదుగురూ
పిల్లి బుట్టతో సహా వ్యాను ఎక్కినప్పుడు
చేతులూపుతూ నిలబడ్డ మేమంతా
తలా కొంచెం ధనవంతులమయ్యాం. తెలియలేదు.
జెనొవేఫా టీచరు పోయింది.
శవపేటిక మోస్తూ మోస్తూ ఇంకొంచెం.
చివరికి నేనొక్కదాన్నే మిగిలితే
రంపపు మిల్లంతా నా తలకి రాసి
దేశంలోకెల్లా సంపన్న ప్రాంతమని
పచ్చరంగు పులుముతారు కాబోలు.

అప్పీలుకి గడువు శుక్రవారం.
జనాభా గడిలో రాశాను:
రెండువేల మూడువందల పద్ధెనిమిది.
సిరా ఆరకముందే అంబులెన్స్ యెజుప్స్
బూట్ల మంచైనా దులపకుండా లోపలికొచ్చాడు.
ఆడపిల్ల!
ఆస్పత్రి యాభై కిలోమీటర్లు. చేరలేదు.
చీకట్లో ఎక్కడ ఆపాలో తోచక
పారిశ్రామిక వాడకి తిప్పాడట, అక్కడైతే దీపాలుంటాయని.

"మొత్తానికి అక్కడ ఏదో ఉత్పత్తయింది,"
అన్నాడు దొనాత్స్, కళ్ళజోడు తుడుచుకుంటూ.

పద్ధెనిమిది కొట్టేసి పంతొమ్మిది వేశాను.
మళ్ళీ భాగించాను.
తలకి నాలుగు యూరోలు పడిపోయింది.
నాలుగు యూరోల పేదరికం!
దొనాత్స్ సొరుగులోంచి సీసా తీశాడు,
పొద్దున్న తొమ్మిదింటికి.

దీనికి పటంలో రంగు మారదు,
అంత సన్నటి కుంచె వాళ్ళ దగ్గర లేదు.
పేరింకా అనుకోలేదట.
బరువు మూడు కిలోల రెండువందలు.
ఫారంలో గడి లేదు.
అంచున రాశాను.