ఎడం

సుంకి ఘాటు మూడో మలుపులో
ఒంటిగది షెడ్డు మాది.
పైకి పోతే పొట్టంగి, దిగితే సాలూరు.
బోర్డు మీద పేరు ఒడియాలో,
గోడ మీద బాకీలు తెలుగులో.

రాత్రంతా దామన్‌జోడి లారీలు దిగుతుంటాయి.
ఆరు సిలిండర్లూ ఒకే వరస,
విసుగు తెలియని ముసలమ్మలు
తిరగలి తిప్పుతున్నట్టుంటుంది.

తాతీలు మామకి కుడిచెవి పోయి పదేళ్లు.
ఎడమది ఎండాకాలం పనిచేస్తుంది,
వానలకి మూసుకుపోతుంది.
అయినా ఇంజన్లు చూపించుకోడానికి
కొరాపుట్ నుంచీ వస్తారు.

ఆ మధ్యాహ్నం ఒక కారొచ్చింది.
రాయపూర్ నుంచి విశాఖపట్నం పోతోందట.
నేలకి జానెడెత్తు, పండుమిరప రంగు,
వెనక నాలుగు గొట్టాలు.
దాని ఖరీదుకి
మా సుంకిని రెండుసార్లు కొనొచ్చు.
దోళగోవింద సాహు చెమట తుడుచుకుని అన్నాడు,
"ఆవాజ్ చెడిపోయింది."

పొగ లేదు. వేడెక్కలేదు. నడుస్తోంది కూడా.
స్టీరింగు వెనక పసుపు దీపం మాత్రం వెలిగింది,
ఏదో జరిగిందని దానికి తెలుసు,
ఎక్కడో తెలీదు.
ఆవాజ్ కోసం ఇంత దిగులా అని
నాకు నవ్వొచ్చింది.
మామకి రాలేదు.

పొడుగు స్క్రూడ్రైవరు తీసి
మొన ఇంజను మీద ఆనించి
పిడి పళ్లతో కరుచుకున్నాడు.
చెవి పోయినవాడు ఎముకతో వింటాడు.

"గుంటా, ఇల్రా.
సప్పుడంటే పేలుడనుకున్నావేటి?
పేలుడు అన్నిటికీ ఒకటే.
సప్పుడంటే
పేలుడికీ పేలుడికీ మజ్జినున్న ఎడం."

బుల్లెట్ బండిది ఒకటే సిలిండరు,
ఎడం ఎక్కువ, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.
డుగ్, డుగ్, ఒక ఊపిరి, డుగ్.
దీనికి ఎనిమిది.
క్రాంకు ఒక చుట్టు తిరిగేలోపు నాలుగు.
నిమిషానికి ఆరువేల చుట్లంటే
సెకనుకి నాలుగొందలు.
అక్కడ లెక్క చేతకాక చెవి ఓడిపోతుంది.
ఓడిపోయిన చోట
దాన్ని స్వరం అంటుంది.

క్రాంకు వంపులు శిలువలా ఉంటే
ఒకే పక్క రెండు వెంటవెంటనే పేలతాయి,
తర్వాత ఆ పక్క కాసేపు మౌనం,
గొంతులో కఫం గరగరమన్నట్టు.
ఇది ఆ జాతి కాదు.
వంపులన్నీ ఒకే పలకలో పడుకున్నాయి.
ఎడమ, కుడి, ఎడమ, కుడి,
ఒక్క రోట్లో రెండు రోకళ్లు
తగులుకోకుండా దిగినట్టు.

"గొట్టాలు సూడు, ఎలాగ మెలికలెట్టాడో.
దగ్గరదాన్ని సుట్టు తిప్పీసి
దూరందాన్ని తిన్నగా తెచ్చీసి
అందరికీ ఒకటే నడక సేసాడు.
అప్పుడే కూడలికాడికి
ఒకడి భుజం ఒకడికి తగలకుండా ఒస్తారు."

ఆగాడు. పళ్లు బిగించాడు.
"ఎడం పక్క మూడోవోడు రాడం నేదు."

నా చెయ్యి సన్నం. నాదే దూరింది.
చీకట్లో వేడి ఇనుము మీదుగా పాకి పాకి
ఎలక కొరికిన వైరు దొరికింది,
చిటికెనవేలంత.
రాయపూర్‌లో ఏ చలవరాతి గరాజులోనో
ఎలకలు ఎలకలే.

అతుకేశాక మామ అన్నాడు,
"దిగువకొద్దు బావూ, పైకి తోలు, రెండు మలుపులు."

తోలాడు.
మొదట బురబుర. తర్వాత ఒక గీత.
ఆ గీత సన్నబడుతూ, సన్నబడుతూ,
కొండకి తగిలి
ఒకటి వెళ్తే రెండై తిరిగొచ్చింది.
దిగువన మేకల గంటలు ఆగాయి.
ఒళ్లు జలదరించి
నేను నవ్విన సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది.

మామ రెండు అరచేతులూ
రేకుబల్ల మీద పరిచి నిలబడ్డాడు.
బల్ల మీద బోల్టులు చిన్నగా వణుకుతున్నాయి.

సాహు తిరిగొచ్చి ఎంతన్నాడు.
రెండొందలన్నాడు మామ.
చిల్లర మా దగ్గర లేదు,
ఐదొందలు ఉంచమని సాలూరు వైపు దిగిపోయాడు.

నాకు వినబడటం ఆగిపోయింది.
మామ చేతులు బల్ల మీదే ఉన్నాయి.
"పోనాదా?"
ఇంకా లేదన్నాను.

అప్పుడే పైనుంచి లారీ ఒకటి,
ఆరు సిలిండర్లు, నిండు బరువు.
బోల్టులు మళ్లీ కదిలాయి.
ఏది ఏదో ఆయనకి తెలియకుండా ఉండదు.
తెలిసీ
చేతులు తియ్యలేదు.