చూడని నలభై ఐదు

పుంతా అరేనాస్‌లో గాలి
మనిషిని నిలబెట్టి నిలదీస్తుంది.
వీధి మలుపుల్లో తాళ్లు కడతారు
నడిచేవాళ్లు పట్టుకోవడానికి.
శుక్రవారం రాత్రి ఆ తాడు పట్టుకునే
ఫ్రోయ్‌లాన్ రొట్టెల కొట్టు వెనక గదికి చేరతాను.

పిండి బస్తాల మధ్య గుండ్రటి బల్ల.
ఒక కాలు పొట్టి, కింద మడిచిన అట్టముక్క.
నలుగురం. పొయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

ముప్పై ఒక్కేళ్లు ఓడల బీమా ఆఫీసులో
మునగడానికి ధర కట్టాను నేను.
చెక్క వయసెంత, సరంగు వయసెంత,
ఏ నెలలో ఏ నీళ్లు దాటాలి,
అన్నీ కలిపి చివర ఒక అంకె,
అంకె కింద నెవెంకా అని నా సంతకం.

ఈ రాత్రి నా చేతిలో
ఆఠీన్ తొమ్మిది, ఆఠీన్ ఆరు.
బల్ల మీద నాలుగు ముక్కలు, రెండు ఆఠీన్లే.
ఇంకొక్కటి పడితే నాది.
పదమూడింట్లో నాలుగు కళ్లెదుట,
తొమ్మిది ఎక్కడో.
ఎక్కడో అంటే చూడని నలభై ఆరులో.

తోరిబియో తన ముందున్న ఆఖరి ఆరు వేల పెసోలు
మోచేత్తో తోశాడు.
అతని దగ్గర ఏదో పెద్ద జత ఉంది.
జత వస్తే చెవి గోక్కుంటాడు, పాపం, తనకే తెలీదు.

కుప్పలో ఇరవై నాలుగు వేలు.
నా ఆరు కలిస్తే ముప్పై.
ఐదింట ఒకసారైనా గెలవాలి, ఆ ఆరు దండగ కాకూడదంటే.
నలభై ఆరులో తొమ్మిదంటే
ఐదింట ఒకటికి వెంట్రుకవాసి తక్కువ.
వెంట్రుకవాసి చాలు. వదిలెయ్యాలి.

ముక్కలు బోర్లించబోతుంటే కనబడింది,
ఒతీలియా విసుగ్గా పారేసిన ఆటలోంచి
ఒక ముక్క ఉప్పు డబ్బాకి ఆనుకుని
వెల్లకిలా పడి ఉంది.
ఇస్పేటు నాలుగు.

ఇక చూడనివి నలభై ఐదు.
తొమ్మిదైదులు నలభై ఐదు,
చిన్నప్పుడు గోడకి మొహంపెట్టి వల్లించిన ఎక్కం.

వేస్తే సున్నా.
వెయ్యకపోతే సున్నా.
ఇన్నేళ్లూ వేలు పట్టుకు నడిపించిన లెక్క
గుమ్మం దాకా తెచ్చి
నన్నక్కడ వదిలి ఇంటికెళ్లిపోయింది.

"ఎన్నింట్లో ఒకటి?"
తోరిబియో అడిగాడు. తల ఎత్తలేదు.
పదకొండేళ్లుగా ఈ బల్ల దగ్గర కూర్చుంటున్నాం,
నన్ను ఎప్పుడూ ఏ అంకే అడగలేదు.

సాంతా బ్రిహిదా పడవకి నేను రాసింది
అరవైలో ఒకటి.
అలాంటి పడవలు యాభై తొమ్మిది
తిరిగొచ్చి ఉంటాయి, చేపలతో, బూతులతో.
ఆ ఒక్కదాంట్లో ఇతని తమ్ముడున్నాడు.
నా లెక్క తప్పు కాదు.
ఎవరి మొహం మీదా అనదగ్గ మాట కాదది.

"ఐదింట ఒకటి," అన్నాను.
"వెంట్రుక కూడా తేడా లేదు."

ఎందుకు వేశానో చెప్పలేను.
నోట్లు చేతిలో చెమటకి మెత్తబడ్డాయి, అంతే.

ఫ్రోయ్‌లాన్ పిండి వేళ్లతో తిప్పాడు.
డైమను ఎనిమిది.

తోరిబియో కుప్ప దగ్గరికి లాక్కున్నాడు.
ఒక్కో నోటూ తొడమీద సాపు చేసి
రెండుసార్లు లెక్కపెట్టాడు.
"మరి అది?" అన్నాడు మెల్లగా.

"అరవైలో."

"అరవైలో," అని
నోట్లో వేసుకుని రుచి చూసినట్టు అన్నాడు.
ఒతీలియా టీ కెటిల్ కోసం లేచింది,
బల్ల ఒకసారి కుంటింది.

అతను పేక కలిపాడు, వేళ్లు వంకర్లుగా,
రెండు ముక్కలు నేలమీద జారిపోతే వంగి తీసి దుమ్ము ఊదాడు.
కట్ట నా ముందు పెట్టాడు.

"కొయ్యి."

బయట తాడు గాలికి బిగుసుకుని వదులవుతోంది.
కోశాను.