అర అంగుళం

అక్టోబరు చివరి ఆదివారం
సుపీరియర్ సరస్సు మీంచి గాలి
ఇనుము వాసనతో దిగుతుంది.
నేను గరాజులో టార్పాలిన్ తీస్తాను.

ముందు ట్యాంకు మూత విప్పి వాసన చూడాలి.
పోయినేటి పెట్రోలు వార్నిషు కంపు కొట్టిందంటే
కార్బురేటర్ గొంతు పూడుకుపోయినట్టే.
"ఖాళీ చేసి పెట్టమన్నానా లేదా?" అని నేను.
"ఏప్రిల్లో చివర వాడింది నువ్వేగా" అని విల్హో.
ముప్ఫై ఒక్క ఏళ్లుగా
మా అన్నదమ్ములకి చలికాలం
ఈ మాటతోనే మొదలు.

స్నోబ్లోవర్ ఒకటే. వాకిళ్లు రెండు.
రోడ్డుకి ఇటు నాది, గులకరాళ్ల బాట.
అటు వాడిది, నున్నటి కాంక్రీటు.
వాడి నేలకి మర మూతి ఆనేంత దించాలి.
నా నేలకి అర అంగుళం ఎత్తాలి,
లేదంటే రాళ్లు మింగి
ఎదురింటి కిటికీ మీద ఉమ్ముతుంది.
(ఒకసారి ఉమ్మింది. మా వదిన హెల్మీ ఇంకా చెబుతుంది.)

అందుకే రోడ్డు దాటిన ప్రతిసారీ
రెండు పక్కలా ఇనప చెప్పుల నట్లు వదులు చేసి,
పెయింటు కలిపే చెక్క ఒకటి కింద దూర్చి,
మళ్లీ బిగించడం.
చెక్క కొసన అమ్మ వంటగది పసుపు రంగు
ఇంకా ఉంది.
నట్ల మూలలే అరిగిపోయాయి.

గొట్టం విల్హో పని.
లోపల వంటనూనె పూస్తే తడి మంచు అంటుకోదంటాడు.
అంటుకుంటే, మర ఆపి, కర్రతోనే పొడవాలి.
మూడో ఇంటి ఓర్వల్ చెయ్యి పెట్టాడు.
అతను ఇప్పుడు ఎనిమిది వరకే లెక్కపెడతాడని
అతనే నవ్విస్తాడు.

పిన్నులు నా పని. మెత్తటి బోల్టులవి,
విరగడానికే పుట్టాయి.
మంచులో దాక్కున్న కట్టె మొద్దు పళ్లకి తగిలితే
పిన్ను పుటుక్కున తెగి గేరుపెట్టెని కాస్తుంది.
ఓ ఏడు తెలివి మీరి ఉక్కు బోల్టు వేశాను.
బోల్టు నిలిచింది. గేరుపెట్టె పగిలింది.
నాలుగు వందల డాలర్లు,
రెండు నెలల విల్హో మౌనం.
అప్పట్నుంచి చవక బోల్టు కనబడితే
నాకు కాస్త గౌరవం.

ఈ ఏడు వాడు కొత్తది కొన్నాడు. బ్యాటరీది.
తాడు లాగక్కర్లేదు, పొగ లేదు, చప్పుడు లేదు.
"నీకు శ్రమ తప్పిందిలే" అన్నాడు మర్యాదగా.
మా మధ్య మర్యాద ఎప్పుడూ లేదు.

ఇనప చెప్పులు నా బాటకి సరిచేసి వదిలేశాను.
అయినా నా వాకిలి ఊడ్చి వెనక్కి తిరిగేసరికి
ప్రతిసారీ
చేతిలో రెంచి ఉంటోంది.

జనవరి పన్నెండు. ఇంకా తెల్లవారలేదు.
కౌంటీ ట్రక్కు రోడ్డు మంచంతా తోసుకొచ్చి
మా ఇద్దరి వాకిళ్ల మూతికీ గట్టు కట్టిపోయింది.
మోకాలెత్తు, సిమెంటంత గట్టి.
వాడి కొత్తది బాగానే తింటోంది, ఒప్పుకోవాలి.
సగంలో ఆగింది.

విల్హో రోడ్డు దాటి వచ్చాడు.
"దీనిక్కూడా పిన్నులుంటాయా?"
డెబ్బై ఏళ్ల మనిషి.
పిన్ను తెగినప్పుడల్లా వాకిట్లో నిలబడి
నా పేరు కేకేయడం తప్ప
ఏమీ నేర్చుకోలేదు.

కాఫీ డబ్బా బల్ల మీద బోర్లించాం.
ముప్ఫై ఏళ్ల బోల్టులు, వాషర్లు,
ఎవరిదో పాల పన్ను.
ఒక్కటీ సరిపోలేదు.

ఏం మాట్లాడకుండా పాతదాన్ని రోడ్డు దాటించాను.
నేను వంగేలోపే వాడు మంచులో మోకాళ్లూని
చెక్క దూర్చాడు.
రెంచి తిప్పాను. ఎడమ నట్టు
ఎప్పట్లాగే జారింది, వేలి కణుపు చీరుకుంది.

తాత ఓడలో తెచ్చిన ఫిన్నిష్‌లో
మాకు మిగిలినవి నాలుగు తిట్లు.
అందులో పెద్దది
ఇద్దరం ఒకేసారి తిట్టాం.